బాల్చీ ఎందుకు తన్నాలి? ఇంగ్లీషు పలుకుబళ్ల పుట్టుక గురించి

పోటీ పరీక్షలకు చదువుకుంటున్న ఒక అమ్మాయి అడిగింది: "ఐదు వందల ఇంగ్లీషు ఇడియమ్స్ ఉన్న పుస్తకం బట్టీ పడుతున్నాను. వారం తిరిగేసరికి సగం మర్చిపోతున్నాను. వెనకున్న కథ తెలిస్తే గుర్తుంటాయి అంటున్నారు. నెట్‌లో చూస్తే ఒక్కోదానికి నాలుగేసి కథలున్నాయి. 'బైట్ ద బుల్లెట్' మన 1857 సిపాయిల తిరుగుబాటులోంచి పుట్టిందని ఒక వీడియోలో చెప్పారు. నిజమేనా? ఏ కథను నమ్మాలి?"

ముందు 1857 సంగతి తేల్చేస్తానమ్మా. అది నిజం కాదు. ఎందుకు కాదో చూస్తే మిగతా ప్రశ్నకు దారి దొరుకుతుంది.

అప్పట్లో ఎన్‌ఫీల్డ్ తుపాకీకి వాడిన తూటా ఇప్పటి ఇత్తడి తూటా లాంటిది కాదు. అదొక కాగితపు గొట్టం. అందులో మందు, ఒక సీసపు గుండు ఉండేవి. సిపాయి ఆ కాగితం కొసను పళ్లతో చింపి, మందును తుపాకీ గొట్టంలో పోసి, గుండును లోపలికి కూరేవాడు. కాగితానికి పూసిన కొవ్వు ఆవుదీ పందిదీ అన్న మాట పాకడంతో మీరట్‌లో 85 మంది ఆ తూటాలు ముట్టుకోం అన్నారు. వాళ్లకు శిక్ష పడిన మర్నాడే, మే 10న, తిరుగుబాటు మొదలైంది. అంటే పంటికి తగలాల్సింది కాగితం, బుల్లెట్ కాదు. ఇంకో సంగతి. 'బైట్ ద బుల్లెట్' అంటే తప్పించుకోలేని కష్టాన్ని కిమ్మనకుండా ఓర్చుకోవడం. మన సిపాయిలు ఓర్చుకోలేదు, కొరకం పొమ్మన్నారు. అర్థమే ఎదురు తిరుగుతోంది.

మరి ఎక్కడిది? ఫ్రాన్సిస్ గ్రోస్ అనే ఆయన 18వ శతాబ్దం చివర్లో లండన్ వీధుల్లో, బారకాసుల్లో వినిపించే మాటలకు ఒక నిఘంటువు చేశాడు. అందులో 1796 నాటి ముద్రణలో 'నైటింగేల్' అన్న మాట ఉంది. పిట్ట సంగతి కాదు. కొరడా దెబ్బలు పడుతుంటే అరిచే సైనికుణ్ణి తోటివాళ్లు పెట్టి పిలిచే పేరది. కొన్ని పటాలాల్లో గ్రెనేడియర్లు, అంటే ఏరి తీసిన దిట్టమైన సైనికులు, అరవకుండా ఉండటం పరువుగా భావించేవారనీ, అందుకోసం సీసపు గుండును నోట్లో పెట్టుకుని నమిలేవారనీ గ్రోస్ రాశాడు. 1857కు అరవై ఏళ్ల ముందు మాట ఇది. తర్వాత 1891లో ఇంగ్లీషు రచయిత కిప్లింగ్ తన నవల 'ద లైట్ దట్ ఫెయిల్డ్'లో ఒక పాత్ర చేత దాదాపు ఇప్పుడు మనం వాడే రూపంలోనే అనిపించాడు.

ఆ సైనికుణ్ణి ఒకసారి తలుచుకోండి. వీపు మీద దెబ్బ పడుతోంది, దవడ బిగుసుకుంది, పళ్ల మధ్య సీసం. ఇప్పుడు మన మాట గుర్తొచ్చిందా? 'పంటి బిగువున' భరించడం. రెండు భాషలూ ఒకదాన్ని చూసి ఒకటి రాసుకున్నవి కావు. నొప్పి వస్తే మనిషి దవడ బిగుస్తుంది, ఏ దేశమైనా అంతే. ఇలా మన మాటకు దగ్గరగా కూర్చునే పలుకుబడిని బట్టీ పట్టక్కర్లేదు.

నేను ఇరవై ఆరేళ్లు పత్రిక డెస్కులో ఇంగ్లీషు వార్తలను తెలుగు చేశాను. నాకు పట్టుబడిన పద్ధతి ఒక్కటే. ఎవరైనా పుట్టుక కథ చెబితే మొదట అడగాల్సింది, ఈ మాట మొదటిసారి అచ్చులో ఏ సంవత్సరం కనిపించింది అని. కథ 1500 నాటిదై, మాట 1900 దాకా ఎక్కడా కనపడకపోతే ఆ నాలుగు వందల ఏళ్లు దాన్ని ఎవరూ వాడకుండా దాచిపెట్టారా? ఈ ఒక్క ప్రశ్నకే చాలా కథలు కూలిపోతాయి. రెండోది, కథలో చెప్పిన పని నిజంగా జరిగే పనేనా అని చూడాలి.

1999లో 'లైఫ్ ఇన్ ద 1500స్' అని ఒక ఈమెయిల్ లోకమంతా తిరిగింది. అదే ఇప్పుడు ముక్కలు ముక్కలుగా వాట్సాప్‌లో తిరుగుతోంది. అందులో 'రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్' గురించి ఏముందంటే, పాతకాలం ఇంగ్లండులో గడ్డి కప్పుల్లో కుక్కలూ పిల్లులూ పడుకునేవట, వానకు కప్పు జారుడై అవి కింద పడేవట. పూరింట్లో పెరిగినవాళ్లకు ఈ కథ ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. మా అమ్మమ్మగారిది తాటాకు ఇల్లు. కప్పు సందుల్లో పిచ్చుక గూడు పెట్టేది, ఎలుకలు తిరిగేవి, ఒకసారి పాము కూడా దిగింది. కుక్క మాత్రం ఏ రోజూ ఎక్కలేదు. కప్పు కప్పడమంటేనే ఆకు మీద ఆకు బిగించి, నీటి చుక్క కూడా దూరకుండా కట్టడం. అందులోకి కుక్క ఎలా దూరుతుంది? పైన పడుకుందే అనుకుందాం. జోరున వాన పడుతుంటే ఇంటిపైన పడుకునే జంతువేది?

అచ్చులో దొరుకుతున్నది ఇదీ: 17వ శతాబ్దం నడుమ రచనల్లో కుక్కలూ పిల్లులూ కురవడం అన్న ఊహ ఉంది. 1738లో రచయిత జోనథన్ స్విఫ్ట్ ఇప్పుడు మనం వాడే మాటకు దగ్గరి రూపంలో వాడాడు. అదే స్విఫ్ట్ 1710లో లండన్ వాన మీద రాసిన పద్యంలో మురుగు కాలవల్లో కొట్టుకుపోతున్న కుక్కపిల్లలు, చచ్చిన పిల్లులు కనిపిస్తాయి. మాట అక్కడినుంచే వచ్చిందని రుజువు చేయలేం. కానీ గడ్డి కప్పు కథ కంటే ఆ వీధి కళ్లకు కడుతుంది. తెలుగులో మాత్రం 'కుక్కలూ పిల్లులూ కురిశాయి' అని రాయకండి. కుండపోత ఉంది, కుంభవృష్టి ఉంది, ఆకాశానికి చిల్లు పడ్డట్టు అని ఉంది. వానను చెప్పడంలో మనకు కరువు లేదు.

అదే ఈమెయిల్‌లో 'సేవ్డ్ బై ద బెల్' గురించి కూడా ఉంది. బతికుండగా పొరపాటున పాతిపెట్టిన మనిషి చేతికి తాడు కట్టి, పైన గంట పెట్టేవారని. వినడానికి ఒళ్లు జలదరిస్తుంది గానీ మాట వచ్చింది బాక్సింగ్ నుంచి. దెబ్బలు తింటున్నవాణ్ణి రౌండ్ ముగిసిందని కొట్టే గంట కాపాడుతుంది, అంతే. మనకు దగ్గరగా తిరిగే ఇంకో కథ 'పాష్' అనే మాటది, అంటే దర్జా అయినది. ఇండియాకు ఓడలో వచ్చే దొరలు ఎండ తగలని వైపు గదులు పుచ్చుకునేవారనీ, ఇటు వచ్చేటప్పుడు ఓడ ఎడమ పక్క (పోర్ట్ అవుట్), తిరిగి వెళ్లేటప్పుడు కుడి పక్క (స్టార్‌బోర్డ్ హోమ్) కాబట్టి టికెట్ మీద పి, ఓ, ఎస్, హెచ్ అని ఆ నాలుగు మొదటి అక్షరాలు కొట్టేవారనీ చెబుతారు. అలాంటి టికెట్ ఒక్కటీ ఇంతవరకు బయటపడలేదు. నాలుగు మాటల మొదటి అక్షరాలు కలిపితే ఈ మాట వచ్చిందని ఎవరైనా చెబితే అనుమానించండి. అలా మాటలు కట్టడం 20వ శతాబ్దంలోనే బాగా అలవాటైంది.

ఇప్పుడు శీర్షికలో పెట్టిన బాల్చీ దగ్గరకు వస్తాను. నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే.

'కిక్ ద బకెట్' అంటే చనిపోవడం. గ్రోస్ నిఘంటువులో 1785 నాటికే ఉంది. తెలుగులో 'బాల్చీ తన్నేశాడు' అని సరదాగా అనడం మనకు ఎంతగా అలవాటైందంటే, ఇది ఇంగ్లీషు నుంచి వచ్చిందని చాలామందికి తోచదు. ఇంతకీ బాల్చీ ఎందుకు? ఉరి వేసుకునేవాడు బకెట్ మీద నిలబడి దాన్ని తన్నేస్తాడని ఒక వివరణ ఉంది. దానికంటే గట్టి వివరణ ఇంకోటుంది. ఇంగ్లండులో కొన్ని పల్లెల్లో 'బకెట్' అంటే దూలం, కమ్మి. పందిని కోయడానికి వెనక కాళ్లు కట్టి ఆ దూలానికి తలకిందులుగా వేలాడదీసేవారు. ప్రాణం పోతూ కొట్టుకునేటప్పుడు దాని కాళ్లు దూలానికి తగిలేవి. షేక్‌స్పియర్ నాటకం 'హెన్రీ ద ఫోర్త్' రెండో భాగంలో బకెట్ అనే మాట ఇలా కర్ర అన్న అర్థంలోనే వస్తుంది. కాలం గడిచి, దూలం అన్న అర్థం జనం మర్చిపోయారు. నీళ్ల బకెట్ మిగిలింది. మనం దాన్ని తెలుగులోకి తెచ్చుకునేటప్పుడు బాల్చీ చేశాం. ఆ బాల్చీ కూడా మన మాట కాదు, పోర్చుగీసు వాళ్ల 'బాల్దె' హిందీలో బాల్టీ అయ్యి, మన దగ్గర బాల్చీ అయింది. ఇంగ్లండు పల్లెలో పంది కోసిన దొడ్డి నుంచి, పోర్చుగీసు ఓడ మీది నీళ్ల పాత్ర నుంచి, రెండు దారులు వచ్చి మన నోట్లో ఒక్క మాటలో కలిశాయి. నేను దీన్ని తలుచుకున్నప్పుడల్లా భాష మీద ప్రేమ ఇంకాస్త పెరుగుతుంది.

ఇలా వస్తువు మారిపోయి మాట మిగలడం చాలాచోట్ల జరిగింది. తాగి తూలేవాణ్ణి 'త్రీ షీట్స్ టు ద విండ్' అంటారు. ఇక్కడ షీట్ అంటే గుడ్డ కాదు, తెరచాపను బిగించే తాడు. తాళ్లు వదులైపోతే చాప గాలికి కొట్టుకుంటుంది, ఓడ అదుపు తప్పుతుంది. షీట్ అనగానే దుప్పటి అనుకుంటే ఎన్నిసార్లు చదివినా ఇది బుర్రకెక్కదు.

పత్రికవాణ్ణి కాబట్టి 'డెడ్‌లైన్' గురించి చెప్పకుండా ఉండలేను. అమెరికా అంతర్యుద్ధం రోజుల్లో, 1864లో, జార్జియా రాష్ట్రంలో ఆండర్సన్‌విల్ అనే చోట యుద్ధఖైదీల శిబిరం ఉండేది. చుట్టూ కట్టిన గోడకు కొంత లోపలగా సన్నటి కర్రలతో ఒక గీతలా కంచె కట్టారు. ఖైదీ దాన్ని దాటితే కాపలావాడు కాల్చేయొచ్చు. దాని పేరు డెడ్ లైన్. గడువు అన్న అర్థంలోకి ఆ మాట వచ్చింది 20వ శతాబ్దం మొదట్లో, అమెరికా పత్రికల్లో. ఎడిషన్ వదిలే వేళ టెన్షన్‌తో 'డెడ్‌లైన్, డెడ్‌లైన్' అని కేకలు వేసుకున్న రాత్రులు నాకు లెక్కలేనన్ని. ఆ కంచె సంగతి చదివాక ఆ మాట అంత తేలిగ్గా నా నోట రాలేదు. 'గడువు' అనడం మొదలుపెట్టాను.

'రెడ్ హ్యాండెడ్' సంగతి వేరు. ఇది తెలుగువాళ్ల మాట అయిపోయింది. లంచం తీసుకుంటూ ఏసీబీకి రెడ్ హ్యాండెడ్‌గా దొరికాడు అని రాయని రోజు మా డెస్కులో తక్కువ. ఏసీబీ వాళ్లు ఏం చేస్తారంటే, ఫిర్యాదుదారు ఇవ్వబోయే నోట్లకు ఫినాఫ్తలీన్ పొడి రాస్తారు. తెల్లటి పొడి, నోటు మీద కంటికి ఆనదు. డబ్బు పుచ్చుకున్నవాడి వేళ్లను సోడియం కార్బొనేట్ కలిపిన నీళ్లలో ముంచుతారు. రంగులేని నీళ్లు చూస్తుండగానే గులాబీ రంగుకు తిరుగుతాయి. ఆ నీళ్లను సీసాలో పోసి సీలు వేస్తారు, అదే సాక్ష్యం. చాలామంది మా కుర్రవాళ్లు రెడ్ హ్యాండెడ్ అనే మాట ఈ పరీక్ష నుంచే వచ్చిందనుకునేవారు. అలా అనుకోవడం సహజమే, ఎంత చక్కగా అతికిందో చూడండి. కానీ మాట స్కాట్లాండుది. 15వ శతాబ్దపు అక్కడి చట్టాల్లోనే 'రెడ్ హ్యాండ్' ఉంది. హత్య చేసి, చేతికి నెత్తురు ఆరకముందే పట్టుబడినవాడు అని. 'రెడ్ హ్యాండెడ్' అన్న రూపం వాల్టర్ స్కాట్ నవల 'ఐవన్‌హో' ద్వారా బాగా పాకింది.

ఎరుపే అయినా 'రెడ్ టేప్' కథ వేరు. ఇంగ్లండులో సర్కారు కాగితాలను, కోర్టు కాగితాలను ఎర్ర నాడాతో కట్టేవారు. 19వ శతాబ్దంలో కార్లైల్, డికెన్స్ లాంటి రచయితలు దాన్ని ఆఫీసుల జాప్యానికి గుర్తుగా మార్చేశారు. మన పత్రికల్లో దాన్ని రెడ్ టేపిజం అంటాం. దీనికి మన ఆఫీసుల మాట ఒకటుంది, 'కొర్రీ'. ఫైలు మీద కొర్రీ వేశారు అంటే పింఛను కోసం తిరిగిన ప్రతి ముసలాయనకూ అర్థమవుతుంది. రెడ్ టేపిజం అని రాసిన చోటల్లా నేను కొర్రీలు అని దిద్దేవాణ్ణి.

నెల్సన్ కథ కూడా చూడండి, ఎందుకంటే ఇది కథా నిజమూ కలిసిన రకం. 'టర్న్ ఎ బ్లైండ్ ఐ'. బ్రిటిష్ నౌకాదళ అధికారి నెల్సన్‌కు 1794లో కోర్సికా దీవిలో కాల్వి దగ్గర జరిగిన పోరులో కుడికన్ను చూపు పోయింది. 1801 ఏప్రిల్ 2న కోపెన్‌హాగెన్ దగ్గర యుద్ధం జరుగుతుండగా, పై అధికారి హైడ్ పార్కర్ పోరు ఆపమని జెండాతో సైగ చేశాడు. నాకు ఒక్క కన్నే ఉంది, అప్పుడప్పుడు గుడ్డివాడిగా ఉండే హక్కు నాకుంది, నాకు సైగ కనపడటం లేదు అన్నాడట నెల్సన్, దుర్బిణీని చూపులేని కంటికి పెట్టుకుని. పక్కనున్న కర్నల్ స్టూవర్ట్ రాసిపెట్టిన మాటలివి. పోరు ఆపలేదు, గెలిచాడు. పలుకుబడికి అంత పేరు రావడంలో ఈ సంఘటన పాత్ర పెద్దది. తెలుగులో 'చూసీ చూడనట్టు వదిలేయడం'. పరీక్షలో ఒక తేడా గుర్తుపెట్టుకోండి: కనపడకపోవడం కాదు, కావాలని చూడకపోవడం.

పరీక్షల్లో ఎక్కువమంది తప్పుచేసేది 'హాబ్సన్స్ చాయిస్' దగ్గర. కష్టమైన ఎంపిక అని టిక్కు పెడతారు. కాదు. కేంబ్రిడ్జిలో థామస్ హాబ్సన్ అని గుర్రాలు అద్దెకిచ్చే ఆయన ఉండేవాడు, 1631లో పోయాడు. కుర్రాళ్లు మంచి గుర్రాన్నే ఎంచుకుని పరుగెత్తించి పాడుచేస్తున్నారని, తలుపు దగ్గర ఏ గుర్రం ఉంటే అదే ఇచ్చేవాడు. తీసుకుంటే తీసుకో, లేకపోతే లేదు. ఎంపికే లేని ఎంపిక.

అర్థాన్ని తెలుగులోకి దింపేటప్పుడు మాటకు మాట పెడితే ఎంత ప్రమాదమో ఒక్క ఉదాహరణ చెబుతాను. ఒకసారి అవిశ్వాస తీర్మానం వార్త వచ్చింది. చివరి నిమిషంలో ఒక నాయకుడు 'గాట్ కోల్డ్ ఫీట్' అని ఉంది. కొత్తగా చేరిన కుర్రాడు 'ఆయన కాళ్లు చల్లబడ్డాయి' అని రాశాడు. మన ఇళ్లలో కాళ్లు చల్లబడ్డాయంటే మంచం చుట్టూ చేరి నోట్లో తులసి తీర్థం పోసే వేళ. ప్రూఫులో దొరికింది కాబట్టి సరిపోయింది, లేకపోతే తెల్లవారేసరికి ఆ ఇంటి ముందు జనం చేరేవారు. 'జంకి వెనకడుగు వేశారు' అని దిద్దాం. ఆ కుర్రాడికి ఇంగ్లీషు అర్థం తెలుసు. రాసేటప్పుడు తెలుగు చెవితో వినలేదు.

అలాగని తెచ్చుకున్నవన్నీ తప్పు కాదు. 'మొసలి కన్నీరు', 'అందని ద్రాక్ష పుల్లన', 'తెల్ల ఏనుగు' ఇవన్నీ మనలో కలిసిపోయాయి. పక్కనే మనవి ఉన్నప్పుడు మాత్రం మనవే వాడాలని నా పట్టుదల. 'పీస్ ఆఫ్ కేక్' అంటే కేకు ముక్క అని ఎందుకు? నల్లేరు మీద బండి నడక ఉంది. నల్లేరు కణుపులు మెత్తగా ఉంటాయి, బండి చక్రం వాటిని తొక్కుకుంటూ కుదుపు లేకుండా పోతుంది. 'ఆన్ ద ఫెన్స్' కూర్చోవడానికి మనకు గోడ మీద పిల్లి ఉంది. 'వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్' అంటే ఎప్పుడో అమావాస్యకో పున్నానికో.

మననుంచి వాళ్ల దగ్గరకు వెళ్లినవీ ఉన్నాయి. 'జగ్గర్‌నాట్' అంటే అడ్డొచ్చినదాన్ని తొక్కుకుంటూ పోయే శక్తి. మూలం పూరీ జగన్నాథుడు. 14వ శతాబ్దంలో ఒడోరిక్ అనే పాదిరీ, భక్తులు రథచక్రాల కింద పడి ప్రాణాలు వదులుతారని రాశాడు. ఆ తర్వాత వచ్చినవాళ్లు దాన్ని ఇంకా పెంచి రాశారు. ఇప్పుడు ఇంగ్లండులో పెద్ద లారీని కూడా జగ్గర్‌నాట్ అంటారు. శ్రీకాకుళం వైపు వాళ్లకు పూరీ అంటే పక్కింటి దేవుడు. ఏడాదికోసారి గుడి దాటి వీధిలోకి వచ్చి అందరికీ దర్శనమిచ్చే ఆ స్వామి పేరు తొక్కేసే యంత్రానికి పెట్టడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అర్థం మాత్రం నేర్చుకోక తప్పదు, పేపర్లో తరచూ వస్తుంది.

ఇంకొకటి చెబితే మీకు సంతోషం కలుగుతుంది. మన 'పందికొక్కు' ఇంగ్లీషులో 'బ్యాండికూట్' అయింది. అక్కడితో ఆగలేదు. ఆస్ట్రేలియాలో పొడుగుమూతి ఉన్న, కడుపు సంచిలో పిల్లను మోసే వేరే జంతువుకు తెల్లవాళ్లు ఆ పేరే పెట్టారు. ఇక అక్కడి జనం దాంతో తమ పలుకుబళ్లు చేసుకున్నారు. దిగాలుగా ఉన్నవాణ్ణి 'మిజరబుల్ యాజ్ ఎ బ్యాండికూట్' అంటారు. మన గాదె కింద కన్నం తవ్వే పందికొక్కు పేరు, సముద్రాలు దాటి, ఇంకో ఖండం వాళ్ల దిగులుకు పోలిక అయింది.

ఇక మీ బట్టీ సంగతి. ఐదు వందలు ఒక్కసారి వద్దు. రోజుకు ఐదు చాలు. నోటుబుక్కులో ఎడమ పక్క ఇంగ్లీషు మాట, దాని కింద కంటికి కనపడే ఒక్క బొమ్మ: దూలం, తాడు, కంచె, తలుపు దగ్గర గుర్రం. కుడి పక్క మన ఇంట్లో ఆ సందర్భంలో మీ అమ్మగారు ఏమంటారో ఆ మాట. అర్థం రాయకండి, ఆ మాటే రాయండి. కింద మీ జీవితంలోంచి ఒక వాక్యం. కథ తెలియకపోతే ఖాళీ వదిలేయండి, అబద్ధపు కథ రాసుకోవడం కంటే ఖాళీ నయం. మొదటి పేజీ ఈ రాత్రికే మొదలుపెట్టండి. ఎడమ పక్క 'బైట్ ద బుల్లెట్', కుడి పక్క 'పంటి బిగువున', మూలన 1796.